మీ కంప్యూటర్ ఎవరితో మాట్లాడుతోందో చూశారా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో సైబర్ మోసం వార్త లేని వారం ఉండదు. వార్త చివర జాగ్రత్తలు కూడా వేస్తారు. ఓటీపీ చెప్పొద్దు, తెలియని లింకు నొక్కొద్దు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి అని. అన్నీ అవసరమైన మాటలే. నేను కూడా వాటిని పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి మా కౌంటర్‌కు అంటించాను. కానీ అవన్నీ చేతిలో ఫోన్ ఉన్న మనిషికి చెప్పేవి. అదే మనిషి ఆధార్ కార్డు, పట్టాదార్ పాస్‌బుక్, కొడుకు టెన్త్ మెమో తెచ్చి మా చేతిలో పెడతాడు. మా కంప్యూటర్‌లో స్కాన్ చేయించుకుని, ఇరవై రూపాయలిచ్చి పోతాడు. ఆ కాయితాలు ఆ తర్వాత ఆ కంప్యూటర్‌లో ఏమవుతున్నాయని ఎవరూ రాయడం లేదు, ఎవరూ అడగడం లేదు. అడగాల్సిన మొదటి మనుషులం మేమే. నాకు జరిగింది చెబితే మా లాంటి షాపులవాళ్లు కొందరైనా ఈ రాత్రికి తమ కంప్యూటర్ చూసుకుంటారని రాస్తున్నాను.

నేను హనుమకొండలో పదహారేళ్లుగా చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. నాలుగు కంప్యూటర్లు, ఒక స్కానర్, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మిషన్. ఎండాకాలం వస్తే దోస్త్ అనే డిగ్రీ అడ్మిషన్లకు, ఎప్‌సెట్, పాలిసెట్‌లకు వచ్చే పిల్లలు. మిగతా రోజుల్లో రేషన్ కార్డు, ఇన్‌కమ్ సర్టిఫికెట్, పింఛన్, భూమి కాయితాలు. ధరణి ఉన్నప్పుడు ధరణి కోసం వచ్చారు, ఇప్పుడు భూభారతి కోసం వస్తున్నారు. ఆత్మకూరు, దామెర, ధర్మసాగర్ దిక్కు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లకు కంప్యూటర్ తెలియదు. నేను తెలుసు. నా ముఖం చూసి కాయితం ఇస్తారు.

పోయిన ఏడాది మే నెలలో, దోస్త్ రిజిస్ట్రేషన్లు జోరుగా నడుస్తున్నప్పుడు, మా నెట్ బాగా స్లో అయింది. ఒక ఫొటో అప్‌లోడ్ చేయాలంటే పది నిమిషాలు తిరిగేది. బయట ఎండలో పిల్లలు, వాళ్ల తల్లులు నిలబడి ఉండేవారు. నెట్ కనెక్షన్ అబ్బాయిని మూడుసార్లు పిలిచాను. వైరు మార్చాడు, కనెక్టర్ మార్చాడు. మూడోసారి అన్నాడు: "అక్కా, మా దిక్కు నుంచి స్పీడు మంచిగనే వస్తున్నది. లోపల్నే ఎవరో గుంజుతున్నరు." కుర్రాళ్లు ఎవరో వీడియోలు చూస్తున్నారేమో అనుకుని, రెండు రోజులు వాళ్ల వెనక నిలబడి చూశాను. ఎవరూ ఏమీ చూడటం లేదు. అనవసరంగా పిల్లల్ని అనుమానించాను.

ఆ వారంలోనే ఒక రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ సగం దించి ఆ రోజు లెక్క చూసుకుంటున్నాను. మూడు కంప్యూటర్లు ఆఫ్ చేశాను. స్కానర్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే ఆన్‌లో ఉంది, అందులో కూడా ఏదీ తెరిచి లేదు. తల ఎత్తితే గోడ మీద మోడెం పచ్చ లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. ఎవరూ వాడనప్పుడు ఆ లైటు అప్పుడోసారి అప్పుడోసారి మిణుకుమంటుంది. అప్పుడు మాత్రం ఊపిరి తీసుకోకుండా కొట్టుకుంటోంది. నా ఫోన్ వైఫై తీసేశాను. తేడా లేదు. లేచి వెళ్లి స్కానర్ కంప్యూటర్ వెనక లాన్ వైరు పీకాను. లైటు వెంటనే నెమ్మదించింది. వైరు మళ్లీ గుచ్చాను. అర నిమిషం కాకముందే మళ్లీ మొదలు. మూడుసార్లు పీకి, మూడుసార్లు పెట్టి చూశాను. మూడుసార్లూ అంతే.

మా అక్క కొడుకు ఎంసీఏ చేసి హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సిస్టమ్స్ చూసే పనిలో ఉన్నాడు. వాడికి ఫోన్ చేశాను. "చిన్నమ్మా, టెన్షన్ పడకు. వైరు పెట్టే ఉంచు, ఏదీ బంద్ చేయకు. స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొట్టు" అన్నాడు. నల్ల తెర వచ్చింది. పదహారేళ్లుగా కంప్యూటర్ మీద బతుకుతున్నదాన్ని, ఆ నల్ల తెర అంతకుముందు ఎప్పుడో రిపేరు అబ్బాయి తెరిస్తే చూశానంతే. మన కంప్యూటర్ ఎవరెవరితో మాట్లాడుతోందో చూపించే నెట్‌స్టాట్ అనే కమాండ్ చెప్పాడు, టైప్ చేశాను. నెట్‌స్టాట్, ఒక ఖాళీ, ఒక చిన్న అడ్డగీత, దానికి ఆనించి ఏ, ఎన్, ఓ. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు. ఎంటర్.

వరసగా లైన్లు పడుతూ పోయాయి. నేను చదివేలోపే పైకి వెళ్లిపోయాయి. మావాడు దాన్ని ఫైల్‌గా సేవ్ చేయించాడు. మళ్లీ అదే కమాండ్ కొట్టి, దాని తర్వాత గ్రేటర్ దన్ గుర్తు, ఫైల్ పేరు. మాది జిరాక్స్ షాపు కదా, వెంటనే ప్రింట్ తీశాను. రెండు ఏ-ఫోర్ కాయితాలు నిండాయి, అరవైకి పైగా లైన్లు. ఎర్ర పెన్ను పట్టుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి కూర్చున్నాను. దాచిపెట్టుకున్న ఆ రెండు కాయితాలు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఒక్కో లైన్‌లో ఏముంటుందో చెబుతాను. ఎందుకంటే మొదటిసారి చూసినవాళ్లు ఇక్కడే భయపడి మూసేస్తారు. మొదట టీసీపీ అనో యూడీపీ అనో ఉంటుంది, అవి కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతుల పేర్లు. తర్వాత మన కంప్యూటర్ అడ్రస్. ఆ తర్వాత ఫారిన్ అడ్రస్, అంటే అవతలి వాళ్ల అడ్రస్. ఫారిన్ అంటే విదేశం కాదు, బయటిది అని. అడ్రస్‌లో చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు ఇంటి నంబరు లాంటివి, ఒకదాని మీద ఒకటి ఉండే రెండు చుక్కల గుర్తు (:) తర్వాత వచ్చే అంకె ఆ ఇంట్లో గది నంబరు లాంటిది. దాన్నే పోర్ట్ అంటారు. మామూలు వెబ్‌సైట్లు ఇప్పుడు ఎక్కువగా 443 గదిలో మాట్లాడతాయి. ఆ తర్వాత కనెక్షన్ పరిస్థితి. లిజనింగ్ అంటే తలుపు తీసి ఎవరైనా వస్తారేమోనని కూర్చుంది. ఎస్టాబ్లిష్డ్ అంటే ఇప్పుడు మాట నడుస్తోంది. టైమ్ వెయిట్ అంటే మాట అయిపోయింది, ఫోన్ పెట్టేసిన మరుక్షణం లాంటిది. చివరి అంకె పీఐడీ. మాట్లాడుతున్న ప్రోగ్రాం నంబరు అది. అసలు పని అంతా ఆ చివరి అంకెతోనే.

మావాడు ఒక్కొక్కటీ కొట్టేయించాడు. అవతలి అడ్రస్ కూడా 127.0.0.1 ఉన్నవి కంప్యూటర్ తనలో తాను మాట్లాడుకునేవి, కొట్టెయ్. 192.168తో మొదలయ్యేది మన షాపులోని వైఫై ప్రింటర్, కొట్టెయ్. టైమ్ వెయిట్‌లు కొట్టెయ్. లిజనింగ్‌లు పక్కన పెట్టు, వాటి సంగతి రేపు చూద్దాం. అలా కొట్టగా కొట్టగా ఎస్టాబ్లిష్డ్ అని ఉన్నవి ఏడు మిగిలాయి. బ్రౌజర్ ముందే మూసేశాం కాబట్టి ఆ లెక్కే లేదు. నడుస్తున్న ప్రోగ్రాంలన్నీ చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి, డీటెయిల్స్ అనే చోట ఒక్కో పీఐడీ పక్కన ఏ పేరుందో చూశాను. నాలుగు లైన్లు విండోస్‌వీ, యాంటీవైరస్‌వీ. మిగిలిన మూడింటికీ ఒకటే పీఐడీ. మూడూ మూడు వేర్వేరు బయటి అడ్రస్‌లకు.

ఆ ప్రోగ్రాం పేరు చూస్తే విండోస్ సొంత ప్రోగ్రాం పేరులాగే ఉంది. మావాడు అక్షరం అక్షరం చదవమన్నాడు. చదివితే తెలిసింది, ఒక అక్షరం తేడా. దాని మీద రైట్ క్లిక్ చేసి, ఫైల్ ఎక్కడుందో చూపించమంటే విండోస్ ఫోల్డర్ తెరుచుకోలేదు. ఏప్రిల్‌లో నేనే వేసుకున్న ఒక పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ తెరుచుకుంది.

ఆ సాఫ్ట్‌వేర్ ఎలా వచ్చిందో దాచను. అప్లికేషన్ సైట్లు ఫైల్ సైజు ఇంత కేబీ దాటకూడదు అంటాయి. పాస్‌బుక్ పేజీలన్నీ కలిపి, సైజు తగ్గించి పెట్టాలి. కొనే సాఫ్ట్‌వేర్ ఖరీదని, తెలిసిన కుర్రాడు పెన్ డ్రైవ్‌లో తెచ్చిచ్చిన క్రాక్ వెర్షన్, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ వేసుకున్నాను. వేసేటప్పుడు యాంటీవైరస్ అడ్డు చెబితే, దాన్ని కాసేపు ఆఫ్ చేయమని అందులోనే రాసి ఉంది. ఆఫ్ చేశాను. మా షాపుల్లో ఇది అందరూ చేసే పనే. అందరూ చేస్తున్నారు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకొక కమాండ్ కూడా ఇచ్చాడు మావాడు. నెట్‌స్టాట్, ఖాళీ, అడ్డగీత, ఇ. దీంట్లో పెద్ద జాబితా ఉండదు. కంప్యూటర్‌లోకి వచ్చిన బైట్లు ఒక పక్క, బయటికి పోయిన బైట్లు ఒక పక్క. ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు కొట్టాను. వచ్చినవాటి అంకె కొద్దిగానే కదిలింది. పోయినవాటి అంకె 21 కోట్లు పెరిగింది. అంటే ఐదు నిమిషాల్లో సుమారు 200 ఎంబీ. షట్టర్ దించి ఉన్న షాపులో, ఎవరూ కూర్చోని కంప్యూటర్ నుంచి.

అప్పుడు వైరు పీకేసి, స్కాన్స్ అనే ఫోల్డర్ తెరిచాను. పదకొండు నెలల స్కాన్‌లు. తీసేయాలని ఎప్పుడూ అనుకోలేదు, మళ్లీ వస్తే మళ్లీ స్కాన్ చేసే పని తప్పుతుందని ఉంచాను. పైన కనిపించిన ఫైల్ ఆత్మకూరు నుంచి పింఛన్ పని మీద వచ్చిన ఒక అవ్వ ఆధార్. ప్లాస్టిక్ కవర్‌లోంచి తీస్తే చిరుగుతుందని ఆమె తీయనివ్వలేదు, కవర్‌తోనే స్కాన్ చేశాను. కవర్ మీద పసుపు చెయ్యి మరక. ఆ మరక కూడా తెర మీద స్పష్టంగా ఉంది. నెట్‌స్టాట్ ఎవరికి పోతోందో చెబుతుంది కానీ ఏం పోతోందో చెప్పదు. బయటికి పోయిన బైట్లలో ఆ అవ్వ ఆధార్ ఉందని రుజువు చూపలేను. లేదని ఆ అవ్వకు మాట కూడా ఇవ్వలేను. ఆ రాత్రి అదే నన్ను నిద్రపోనివ్వలేదు.

తర్వాత చేసినవి గబగబా చెబుతాను. తెర ఫొటోలు తీశాను, ప్రింట్లు దాచాను, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. పాస్‌వర్డ్‌లన్నీ ఆ కంప్యూటర్‌లో కాకుండా ఫోన్ నుంచి మార్చాను. హార్డ్ డిస్క్ తీసి పక్కన పెట్టి, కొత్తది వేయించి, లైసెన్స్ ఉన్న విండోస్ ఎక్కించాను. రిజిస్టర్‌లో ఫోన్ నంబర్లున్న ప్రతి కస్టమర్‌కూ ఫోన్ చేశాను. దానికి నాలుగు రోజులు పట్టింది. మన వేలిముద్రలతో ఇంకెవరూ ఆధార్ వాడకుండా వేసే బయోమెట్రిక్ లాక్ ఎలా చేయాలో చెప్పాను, రాని వాళ్లను షాపుకు పిలిచి దగ్గరుండి చేయించాను. ఇద్దరు తిట్టారు. తిట్టే హక్కు వాళ్లకు ఉంది. ధర్మసాగర్ దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన మాత్రం అంతా విని, "అయితే నా భూమికేమన్నా అయితదా బిడ్డా?" అని అడిగాడు. ఆయన్ను ఆటోలో తీసుకెళ్లి ఎమ్మార్వో ఆఫీసులో రికార్డు చూపించి, పేరు సరిగ్గా ఉందని చదివి వినిపించాక గానీ ఇంటికి పోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నెట్ సెంటర్లకు రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2011లో కేంద్రం సైబర్ కేఫ్‌ల కోసం నియమాలు తెచ్చింది. వచ్చినవాడి గుర్తింపు కార్డు చూడాలి, పేరు, టైము రిజిస్టర్‌లో రాయాలి, ఆ లాగ్ కనీసం ఏడాది దాచాలి. మంచిదే. అంటే కుర్చీలో ఎవరు కూర్చున్నారో మేం చెప్పాలి. కానీ కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు ఆ కంప్యూటర్ తనంతట తాను ఏం చేస్తోందో మమ్మల్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. రిజిస్టర్ చూసి సంతకం పెట్టి వెళ్లిపోతారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. దాని పేరు మా వీధిలో ఎంతమందికి తెలుసో మీరే ఒక రోజు మీ విలేకరిని పంపి అడిగించండి.

చదువు సంగతి కూడా చెప్పాలి. నేను పీజీడీసీఏ అనే కంప్యూటర్ కోర్సు చేశాను. ఎంఎస్ ఆఫీస్ నేర్పారు, ట్యాలీ నేర్పారు, పేజ్‌మేకర్‌లో తెలుగు టైపింగ్ నేర్పారు. అన్నీ పనికొచ్చాయి. కమాండ్ ప్రాంప్ట్ అనే ఆ నల్ల తెర ఒకటుందని, కంప్యూటర్‌లో ఏం జరుగుతోందో దాన్ని అడగొచ్చని ఒక్క గంట కూడా చెప్పలేదు. ఇప్పుడు మా షాపులో పని నేర్చుకునే అమ్మాయి డీసీఏ సర్టిఫికెట్‌తోనే వచ్చింది. ఆమెకూ చెప్పలేదట. నెట్‌స్టాట్ కొత్తగా వచ్చిందేమీ కాదు. 1983లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల యూనిక్స్‌లో వచ్చింది. విండోస్‌లో ఎన్నో ఏళ్లుగా పడి ఉంది, కొనక్కర్లేదు, డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. లైనక్స్ వాడేవాళ్లకు ఇప్పుడు ఎస్‌ఎస్ అనే ఇంకా వేగమైనది ఉంది. రెండు అక్షరాలే దాని పేరు. కుర్రాళ్లకు జావా, పైథాన్ నేర్పుతామని బోర్డులు పెట్టే ఇన్‌స్టిట్యూట్లు నయీంనగర్ నుంచి చౌరస్తా దాకా వరసగా ఉన్నాయి. మొదటి వారంలోనే ఒక గంట దీనికి ఇవ్వలేరా?

నాకు ఇది వచ్చాక తెలిసినవాళ్ల కంప్యూటర్లు కొన్ని చూశాను. వాళ్లు అడిగితేనే, వాళ్లు పక్కన కూర్చుంటేనే. ఎనుమాముల మార్కెట్ దగ్గర విత్తనాలు, ఎరువుల షాపు నడిపే మా దూరపు బంధువు ఒకాయన ఉన్నాడు. రైతుల బాకీ లెక్కలు, జీఎస్టీ బిల్లులు అన్నీ ఒకే కంప్యూటర్‌లో. కమాండ్ కొడితే ఒక రిమోట్ సాఫ్ట్‌వేర్ ఎస్టాబ్లిష్డ్‌లో ఉంది. దూరం నుంచి మన కంప్యూటర్‌ను తెరిచి నడిపించే సాఫ్ట్‌వేర్ అది. ఎవరు పెట్టారని ఆరా తీస్తే, రెండేళ్ల కింద బిల్లింగ్ రిపేరుకు వచ్చిన అబ్బాయి పెట్టాడు. షాపుకు రాకుండా దూరం నుంచే పని చేసిపెట్టడానికి పెట్టాడు, తర్వాత తీసేయడం మర్చిపోయాడు. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అది కూడా ఆన్ అవుతోంది. పాస్‌వర్డ్ కూడా అతను పెట్టిందే. ఆ అబ్బాయి దాంతో తప్పు పని చేశాడని నేను అనను, అనడానికి ఆధారం లేదు. కానీ మన ఇంటి తాళంచెవి రెండేళ్లుగా ఇంకొకరి జేబులో ఉంటే, ఆ సంగతి మనకు తెలియకపోతే ఎలా? ఆయన ముఖం పాలిపోయింది. నా ఎదురుగానే అబ్బాయికి ఫోన్ చేసి, దాన్ని తీసేయించాడు.

ఇలా చూడటం మొదలుపెట్టేవాళ్లకు నేను పడ్డ ఇబ్బంది ఒకటి చెప్పాలి. తెలియని అడ్రస్ కనిపించగానే దొంగ అనుకోవద్దు. మొదటి వారం నాకు ప్రతి లైనూ దొంగలాగే కనిపించింది. ఒకరోజు తొందరపడి ఒక ప్రోగ్రాంకు ఎండ్ టాస్క్ కొట్టాను. ప్రింటింగ్ మొత్తం ఆగిపోయింది, హాల్‌టికెట్ల కోసం పిల్లలు లైన్‌లో ఉన్నారు. అది విండోస్ ప్రింట్ పని చూసే ప్రోగ్రాం. కాబట్టి కొట్టే ముందు పేరు చూడాలి, ఆ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూడాలి, అప్పుడే నిర్ణయించాలి. కంప్యూటర్ బాగున్న రోజునే ఒకసారి ప్రింట్ తీసి పెట్టుకుంటే ఇంకా మేలు. రేపు కొత్తది ఏదైనా చేరితే పక్కపక్కన పెట్టి చూస్తే దొరుకుతుంది. నేను నాలుగు కంప్యూటర్లకూ అలా తీసి ఫైల్ చేశాను. ఇంకొకటి, ఈ కమాండ్ ఆ క్షణానికి తీసిన ఫొటో లాంటిది. ఒక సెకను మాట్లాడి ఆగిపోయేది అందులో పడకపోవచ్చు. కమాండ్ చివర ఖాళీ వదిలి 5 అని కొడితే ఐదు సెకన్లకొకసారి మళ్లీ మళ్లీ చూపిస్తూ ఉంటుంది. ఆపాలంటే కంట్రోల్, సీ కలిపి నొక్కాలి. బాగా ముదిరిన వైరస్ ఈ జాబితాలో కనపడకుండా దాక్కోగలదని కూడా మావాడు చెప్పాడు. అందుకే నేను మోడెం లైటునూ చూస్తాను. లైటు కంప్యూటర్‌లో లేదు కదా.

మా షాపులో కూర్చునే ఒక ఇంజనీరింగ్ పిల్లవాడు ఇదంతా చూసి, "ఆంటీ, దీంతో పక్క సిస్టమ్‌లో వాళ్లు ఏం టైప్ చేస్తున్నరో చూడొచ్చా?" అని అడిగాడు. చూడలేం, చూడకూడదు కూడా. నెట్‌స్టాట్ చెప్పేది ఏ ప్రోగ్రాం ఎవరికి ఫోన్ కలిపిందనే వరకే, ఫోన్‌లో మాట వినిపించదు. మాట కూడా వినగల పరికరాలు వేరే ఉన్నాయి. 1988లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో రాసిన టీసీపీడంప్ అలాంటిదే. తన సొంత నెట్‌వర్క్‌ను బాగుచేసుకునేవాడికి అది మంచి పనిముట్టు. కస్టమర్ మీద, పక్కింటి వైఫై మీద పెడితే నేరం. ఇది నేర్పేవాళ్లు ఈ ముక్క కూడా అదే గంటలో నేర్పాలి.

అప్‌డేట్ల సంగతి కూడా ఇందులో భాగమే. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బులడిగింది. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే 445 పోర్ట్ గుండానే అది ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకింది. దాన్ని ఆపే ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చేసింది. పెట్టుకోనివాళ్లే ఎక్కువగా మునిగారు. ఇప్పుడు విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మా వీధిలో సగం షాపులు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి. కొత్త కంప్యూటర్ కొనాలంటే మా లాంటివాళ్లకు భారమే, నాకు తెలుసు. కనీసం కాయితాలు స్కాన్ చేసే ఒక్క కంప్యూటర్‌నైనా ముందు మార్చుకోవాలి. వైరస్ తీసేసే టూల్స్ కోసం క్రాక్ సైట్ల వెంట పడాల్సిన పని కూడా లేదు. కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్ర పేరుతో 2017 నుంచి వాటిని ఉచితంగానే ఇస్తోంది. నాకు ఆ సంగతి తెలిసింది అంతా అయిపోయాక.

ఇప్పుడు మా షాపులో స్కాన్‌లు ఉంచడం లేదు. పని అయిపోగానే కస్టమర్ చూస్తుండగానే ఫైల్ తీసేస్తాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తాను. "మళ్లొస్తే మళ్ల ఇరవై రూపాయలా?" అని కొందరు అడుగుతారు. వద్దు, మళ్లీ ఊరికే స్కాన్ చేసిస్తానని చెబుతున్నాను. నంబరంతా అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ తీసిస్తాను. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. రాత్రి షట్టర్ దించే ముందు ఐదు నిమిషాలు నల్ల తెర తెరుస్తాను. మా షాపులో పని నేర్చుకునే అమ్మాయి కూడా ఇది నేర్చుకుంది. నిన్న నేను లేనప్పుడు తనే ప్రింట్ తీసి, తెలియని ఒక లైన్ కింద గీత గీసి పెట్టింది. చూస్తే యాంటీవైరస్ అప్‌డేట్. తప్పేం లేదు, గీత గీసింది కదా, నాకు అది చాలా సంతోషం.

మీ పత్రికను నేను అడిగేవి మూడు. నెట్ సెంటర్లకు, మీసేవ సెంటర్లకు, స్కూళ్లలో ఫీజు కంప్యూటర్ చూసేవాళ్లకు ఉపయోగపడేలా జిల్లా పేజీలో వారానికి ఒక చిన్న కాలమ్ తెలుగులో ఇవ్వండి. ఒక వారం నెట్‌స్టాట్, ఒక వారం పాస్‌వర్డ్‌లు, ఒక వారం స్కాన్ ఫైళ్లు. రిజిస్టర్ తనిఖీకి వచ్చే అధికారులు కంప్యూటర్ ముందు కూడా ఐదు నిమిషాలు కూర్చోవాలని రాయండి. జరిమానా వేయడానికి అని కాదు, తెలియనివాళ్లకు చూపించడానికి. డీసీఏ, పీజీడీసీఏ సిలబస్‌లు తయారుచేసేవాళ్ల దృష్టికి ఈ ఒక్క గంట సంగతి తీసుకెళ్లండి. కాలమ్ రాయడానికి మావాడు సిద్ధంగా ఉన్నాడు, డబ్బులేమీ అడగడు.

తోటి షాపులవాళ్లకు ఒక మాట. ఆదివారం మధ్యాహ్నం రెండు తర్వాత మా దగ్గర రద్దీ ఉండదు. ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాను. మా ఎర్ర గీతల కాయితాలు కూడా చూపిస్తాను. చిరునామా కోసం మీ కార్యాలయానికి ఫోన్ చేస్తే చెప్పండి, నాకు అభ్యంతరం లేదు. పత్రికలో మాత్రం నా పేరు, షాపు పేరు వేయవద్దని మనవి. చెప్పాల్సిన కస్టమర్లకు నేనే చెప్పుకున్నాను. రిజిస్టర్‌లో ఫోన్ నంబరు లేనివాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఆత్మకూరు అవ్వ వాళ్లలో ఒకరు. ఆమెకు ఫోన్ లేదు. ఈ ఆదివారం పొద్దున బస్సెక్కి వెళ్లి కనుక్కుంటాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకురాలు,
హనుమకొండ